ఫైలు పంపడం వచ్చా? అదీ ఒక నైపుణ్యమే!

ఉద్యోగానికి కావాల్సిన నైపుణ్యాలేంటని అడిగితే పైథాన్, ఎక్సెల్, కమ్యూనికేషన్ స్కిల్స్ అంటూ గడగడా చెప్పేస్తాం. ఒక కంప్యూటర్‌లోని ఫైలును ఇంకో కంప్యూటర్‌కు చేర్చడాన్ని మాత్రం ఎవరూ ఆ జాబితాలో రాయరు. ‘దాందేముంది... పెన్‌డ్రైవ్ ఉంది, వాట్సప్ ఉంది’ అనుకుంటాం. తీరా ప్రాజెక్టు సమర్పించే రోజు పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. రిక్రూటర్‌కు పంపిన రెజ్యూమె లింకు ‘మీకు అనుమతి లేదు’ అంటుంది. ఉద్యోగంలో చేరాక ఇదే పని తప్పుగా చేస్తే కొలువుకే ఎసరు రావొచ్చు. అందుకే ఫైళ్లను తరలించే దారులేంటో, ఏది ఎప్పుడు వాడాలో కాలేజీలో ఉండగానే నేర్చేసుకోండి.

మొదట నాలుగు ప్రశ్నలు

‘ఫైలు పంపడానికి అన్నిటికన్నా మంచి పద్ధతి ఏది?’ అనే ప్రశ్నకు జవాబు లేదు. పనిని బట్టి పద్ధతి మారుతుంది. కాబట్టి ఏ ఫైలైనా పంపేముందు ఈ నాలుగూ అడగండి.

• ఎంత? రెండు పేజీల పీడీఎఫ్‌కూ, 40 జీబీ వీడియో ఫోల్డర్‌కూ ఒకే దారి పనికిరాదు.
• ఎంత దూరం? రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో ఉన్నాయా, వేరే ఊళ్లో ఉన్నాయా?
• ఎంత గోప్యం? అందరూ చూడదగ్గ ఫైలా, ఆధార్, మార్కుల మెమో లాంటి వివరాలున్నదా?
• ఎవరి అనుమతి? ఫైలు మీదా, కంపెనీదా?

ఈ నాలుగింటికీ సమాధానం దొరికితే దారి దానంతటదే తేలిపోతుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురైనా మీ జవాబును ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

లెక్క తెలిస్తే సగం పని అయినట్టే

ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. ఫైలు సైజును మెగాబైట్లలో చూపిస్తారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే మీ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే సెకనుకు వెళ్లేది రెండున్నర ఎంబీనే. ఆ లెక్కన 10 జీబీ ఫోల్డర్ క్లౌడ్‌లోకి ఎక్కడానికి గంట దాటుతుంది. సెకనుకు 10 ఎంబీ రాసే మామూలు పెన్‌డ్రైవ్‌కు అదే ఫోల్డర్ 17 నిమిషాల పని. రెండు ల్యాప్‌టాప్‌లను గిగాబిట్ ల్యాన్ కేబుల్‌తో కలిపితే, డిస్కులు కూడా వేగంగా ఉంటే, రెండు నిమిషాల్లోపే ముగియొచ్చు.

ఇంకో చిన్న కిటుకు. 1 జీబీ ఉన్న ఒక్క ఫైలు త్వరగా వెళ్తుంది. అదే 1 జీబీ పది వేల చిన్న ఫైళ్లుగా ఉంటే నత్తనడకే. ప్రతి ఫైలునూ విడిగా తెరిచి, రాసి, మూయాలి కదా! అలాంటప్పుడు ముందు జిప్ చేసి పంపండి.

పెన్‌డ్రైవ్: దగ్గరి చుట్టమే కానీ...

నెట్ లేని చోట పెన్‌డ్రైవే దిక్కు. అయితే దాంతో మూడు చిక్కులున్నాయి.

• 4 జీబీ గోడ: డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ ఫైలు ఎక్కనంటుంది. కారణం దాని ఫార్మాట్. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఈ ఇబ్బంది ఉండదు. విండోస్, మ్యాక్, కొత్త లైనక్స్ మూడింటిలోనూ అది పనిచేస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను మ్యాక్‌లో పెడితే మామూలుగా చదవగలం కానీ రాయలేం. ఫార్మాట్ మార్చితే డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందు వేరేచోట దాచుకోండి.

• నెట్ సెంటర్ కానుక: జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం పెట్టిన పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్ కూడా ఇంటికి రావొచ్చు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కనిపిస్తే అది ఆ లక్షణమే. వాటిని క్లిక్ చేయొద్దు. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. చాలాసార్లు అసలు ఫైళ్లు పోవు, దాగి ఉంటాయి. ప్రింట్ల కోసం విడిగా చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకుని, కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే అందులో వేసుకెళ్తే గొడవే ఉండదు. షాపు కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి ప్రింట్ తీయిస్తే మాత్రం లాగౌట్ చేయడం, డౌన్‌లోడ్ అయిన కాపీని తొలగించడం మర్చిపోకండి.

• లాగేయడం: కాపీ అయిపోయినట్టు తెర మీద కనిపించినా రాసే పని లోపల ఇంకా నడుస్తుండొచ్చు. ఎజెక్ట్ చేశాకే తీయండి.

పెన్‌డ్రైవ్ ఉన్నది మోసుకెళ్లడానికి. దాచుకోవడానికి కాదు. ప్రాజెక్టు రిపోర్టుకు ఉన్న ఒకే ఒక్క కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉందంటే మీ సెమిస్టర్ మొత్తం చిటికెనవేలంత వస్తువు మీద ఆధారపడి ఉన్నట్టే.

రెండూ పక్కపక్కనే ఉంటే

హాస్టల్ గదిలో మీ ల్యాప్‌టాప్, స్నేహితుడి ల్యాప్‌టాప్ పక్కపక్కనే ఉన్నాయి. 30 జీబీ పంపాలి. ఇంటర్నెట్ డేటా ఖర్చు చేయాల్సిన పనే లేదు.

విండోస్‌లో ‘నియర్‌బై షేరింగ్’ ఉంది. ఆపిల్ పరికరాల మధ్య ఎయిర్‌డ్రాప్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోనుకూ విండోస్ కంప్యూటర్‌కూ మధ్య గూగుల్ ‘క్విక్ షేర్’ పనికొస్తుంది. ఒకరిది మ్యాక్, ఒకరిది లైనక్స్ అయితే ‘లోకల్‌సెండ్’ అనే ఉచిత ఓపెన్ సోర్స్ యాప్ చూడండి. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు. ఒకప్పుడు మన దగ్గర ప్రతి ఫోన్‌లోనూ కనిపించిన షేర్ఇట్, జెండర్ యాప్‌లను 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన సంగతి తెలిసిందే. వాటి పేరుతో ఎక్కడెక్కడో దొరికే ఇన్‌స్టాలర్ల జోలికి వెళ్లొద్దు.

కాలేజీ వైఫైలో ఒక ల్యాప్‌టాప్‌కు ఇంకోటి కనిపించడం లేదా? భద్రత కోసం చాలాచోట్ల పరికరాలను ఒకదానికొకటి కనపడకుండా విడదీసి ఉంచుతారు. అలాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండింటినీ దానికి కలిపి చూడండి. ఫైలు హాట్‌స్పాట్ లోపలే తిరుగుతుంది కాబట్టి మీ డేటా ప్యాక్ ఖర్చు కాదు.

వేగం కావాలంటే ల్యాన్ కేబులే మేలు. ఇప్పటి కంప్యూటర్లలో రెండింటినీ మామూలు కేబుల్‌తోనే నేరుగా కలిపేయొచ్చు. తర్వాత ఒకదాంట్లో ఫోల్డర్‌ను షేర్ చేసి, రెండోదాంట్లో నెట్‌వర్క్ ద్వారా తెరవాలి. యూఎస్‌బీ కేబుల్‌తో మాత్రం ఇలా చేయబోకండి. రెండు వైపులా పాత తరహా యూఎస్‌బీ పిన్ ఉన్న మామూలు కేబుల్‌తో రెండు కంప్యూటర్లను కలిపితే పోర్టులు దెబ్బతినే ప్రమాదముంది. అందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన బ్రిడ్జ్ కేబుళ్లు వేరే ఉంటాయి.

పని అయ్యాక షేరింగ్ ఆపేయడం ముఖ్యం. విండోస్‌లో ఇలా ఫోల్డర్లు పంచుకునే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై రాన్సమ్‌వేర్ దాని పాత రూపంలోని లోపాన్ని పట్టుకునే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్లు వాయిదా వేస్తే ఏమవుతుందో ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

దూరంగా ఉంటే: మెయిల్, క్లౌడ్

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ. అంతకు మించితే దానంతటదే డ్రైవ్ లింకుగా మారుతుంది. అవతలి కంపెనీ మెయిల్ పరిమితి ఇంకా తక్కువ ఉండొచ్చు. రెజ్యూమెను 1 ఎంబీ లోపు పీడీఎఫ్‌గా పంపితే ఎక్కడా ఆగదు. ‘రెజ్యూమె ఫైనల్ కొత్తది 3’ అని కాకుండా మీ పేరు, దరఖాస్తు చేస్తున్న ఉద్యోగం పేరు ఫైలుకు పెట్టండి. వందల ఫైళ్ల మధ్య మిమ్మల్ని వెతికే హెచ్ఆర్ వాళ్లకు పని తేలికవుతుంది.

పెద్ద ఫైళ్లకు క్లౌడ్ లింకు సౌకర్యం. ఇక్కడ చాలామంది తడబడేది అనుమతుల దగ్గరే. లింకు ‘రిస్ట్రిక్టెడ్’లో ఉంటే అవతలివారికి తెరుచుకోదు. అనుమతి కోరుతూ మీకు మెయిల్ వస్తుంది, మీరు చూసేసరికి వాళ్లు తర్వాతి అభ్యర్థి దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. అలాగని ‘లింకు ఉన్నవారెవరైనా ఎడిట్ చేయొచ్చు’ అని పెడితే మీ రిపోర్టును ఎవరైనా మార్చేయొచ్చు. పోర్ట్‌ఫోలియో, డెమో వీడియో లాంటివాటికి ‘చూడటానికి మాత్రమే’ అని పెట్టండి. సర్టిఫికెట్లు, ఆధార్ లాంటివైతే అవతలి వ్యక్తి మెయిల్ ఐడీకి మాత్రమే అనుమతి ఇచ్చి, పని పూర్తవగానే తీసేయండి. పంపేముందు ఇన్‌కాగ్నిటో విండోలో ఆ లింకును ఒకసారి తెరిచి చూసుకుంటే అసలు సంగతి తెలిసిపోతుంది. పది సెకన్ల పని!

వాట్సప్‌లో 2 జీబీ వరకు డాక్యుమెంట్లు పంపొచ్చు. సర్టిఫికెట్‌ను ఫొటోగా పంపితే మాత్రం అది కుదించుకుపోయి అక్షరాలు మసకబారతాయి. ‘డాక్యుమెంట్’గానే పంపండి.

కోడ్ రాసేవాళ్లు ప్రాజెక్టును జిప్ చేసి అటూ ఇటూ తిప్పే బదులు గిట్ నేర్చుకోండి. ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో అందులో నమోదవుతుంది. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైళ్లను తీసుకోదు. డేటాసెట్లను విడిగా పెట్టి లింకు ఇవ్వండి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఉన్న ఫైళ్లు పొరపాటున కూడా అందులోకి వెళ్లకూడదు. తర్వాత తొలగించినా పాత చరిత్రలో అవి అలాగే ఉండిపోతాయి.

కంపెనీల దారి: ఎఫ్‌టీపీ నుంచి ఎస్‌ఎఫ్‌టీపీ దాకా

ఇక్కడి నుంచి ఉద్యోగ ప్రపంచం మొదలవుతుంది. కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే తొలి ప్రామాణిక పద్ధతుల్లో ఒకటైన ఎఫ్‌టీపీని రూపొందించింది మన దేశం వ్యక్తే. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్ అమెరికాలోని ఎంఐటీలో ఉన్నప్పుడు, 1971 ఏప్రిల్‌లో దాని తొలి ముసాయిదా రాశారు. అప్పటికి ఇంటర్నెట్ లేదు, దానికి ముందు రూపమైన అర్పానెట్ ఉంది.

ఎఫ్‌టీపీలో ఒక లోపం ఉంది. పాస్‌వర్డ్, ఫైలు రెండూ దాపరికం లేకుండా ప్రయాణిస్తాయి. దారిలో చూసేవాడుంటే చదివేయొచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డుల చోరీ జరిగింది. ఆ తర్వాతే అక్కడి పరిశోధకుడు టాటూ ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేశారు. దాని మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీనే ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లోనే ఎఫ్‌టీపీకి సెలవు చెప్పేశాయి.

సపోర్ట్, లైనక్స్, క్లౌడ్ కొలువులకు వెళ్లేవారు కనీసం ఇవి గుర్తుంచుకోండి.

• ఎఫ్‌టీపీ: పోర్టు 21 ఆదేశాలకు, సంప్రదాయంగా పోర్టు 20 డేటాకు. రక్షణ లేదు.
• ఎస్‌ఎఫ్‌టీపీ: పోర్టు 22. ఎస్‌ఎస్‌హెచ్ మీద నడుస్తుంది. అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది.
• ఎఫ్‌టీపీఎస్: పాత ఎఫ్‌టీపీకే టీఎల్ఎస్ రక్షణ జోడించింది. పేర్లు దగ్గరగా ఉన్నా ఎస్‌ఎఫ్‌టీపీ, ఇదీ ఒకటి కాదు. ఇక్కడ తికమక పడేవాళ్లే ఎక్కువ.
• ఎస్‌సీపీ: ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఒక్క కమాండ్‌తో కాపీ చేసేస్తుంది.
• ఆర్‌సింక్: 1996 నుంచి ఉంది. మారిన భాగాలను మాత్రమే పంపుతుంది. మధ్యలో ఆగినా ఇప్పటికే చేరిన ఫైళ్లను మళ్లీ పంపదు.
• ఎస్‌ఎంబీ: పోర్టు 445. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకోవడానికి.
• రోబోకాపీ: విండోస్‌లోనే ఉండే కమాండ్. పెద్ద ఫోల్డర్ల తరలింపులో మామూలు కాపీ, పేస్ట్ కన్నా నమ్మకమైనది.

బ్యాంకులు, బీమా, ఆసుపత్రులు, రిటైల్ సంస్థల మధ్య రోజూ నిర్ణీత వేళకు ఫైళ్లు మారుతుంటాయి. జీతాల జాబితా బ్యాంకుకు, క్లెయిముల వివరాలు బీమా సంస్థకు... ఇలా. ఈ రాకపోకలను చూసుకునే విభాగాన్ని ‘మేనేజ్డ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అంటారు. ఐబీఎం స్టెర్లింగ్, యాక్స్‌వే, గోఎనీవేర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇందులో వాడతారు. ఉద్యోగ ప్రకటనల్లో ఎంఎఫ్‌టీ అని కనిపిస్తే అది ఇదే. ఈ పని ఎంత కీలకమో 2023లో తెలిసొచ్చింది. మూవ్‌ఇట్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని నేరగాళ్లు పసిగట్టడంతో అనేక దేశాల సంస్థల డేటా బయటికి పోయింది.

డేటా మరీ ఎక్కువైతే పెద్ద కంపెనీలు కూడా వెనక్కి తిరిగి పెన్‌డ్రైవ్ సూత్రానికే వస్తాయి. 100 పెటాబైట్ల డేటాను సెకనుకు 1 గిగాబిట్ లైను మీద పంపితే పాతికేళ్లు పడుతుంది. అందుకే అమెజాన్ 2016లో అంత డేటాను మోసుకెళ్లే ఒక ట్రక్కునే ప్రవేశపెట్టింది. ‘ఎంత, ఎంత దూరం’ అనే ప్రశ్నలు ఎందుకు ముందుండాలో ఇది చెబుతుంది.

చేరింది సరే... సరిగ్గా చేరిందా?

కొత్తగా నేర్చుకున్నవారికీ, పని తెలిసినవారికీ తేడా కనిపించేది ఇక్కడే. కాపీ పూర్తయింది అనే సందేశం కనిపిస్తే సరిపోదు. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూడాలి. ముఖ్యమైనవైతే చెక్‌సమ్ తీయాలి. ఫైలులో ఉన్న మొత్తాన్ని లెక్కగట్టి ఇచ్చే గుర్తింపు సంఖ్య లాంటిది ఇది. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో అయితే 64 అక్షరాలు, అంకెలు వస్తాయి. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సెర్ట్‌యుటిల్, లైనక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ అనే కమాండ్లతో దీన్ని చూడొచ్చు. రెండు వైపులా ఒకటే వస్తే ఫైలు చెక్కుచెదరకుండా చేరినట్టు. అప్పటిదాకా పాత కాపీని తొలగించొద్దు. ‘కట్, పేస్ట్’ వద్దు, ‘కాపీ, సరిచూడు, తర్వాతే తొలగించు’ అన్నది సూత్రం.

పంపగలం కదా అని పంపేయొద్దు

కాలేజీలో ఫైలు మనది, ఇష్టం మనది. ఆఫీసులో అలా కుదరదు. రాత్రి ఇంట్లో పని ముగిద్దామని క్లయింట్ ఫైలును సొంత జీమెయిల్‌కు పంపుకొన్నారనుకోండి. ఉద్దేశం మంచిదే అయినా అది డేటా లీక్ కిందికే వస్తుంది. చాలా కంపెనీల్లో ఇలాంటివి పసిగట్టే వ్యవస్థలుంటాయి, పెన్‌డ్రైవ్ పోర్టులు కూడా పనిచేయవు. ఉద్యోగం మానేసి వెళ్లేటప్పుడు ‘నేను రాసిన కోడే కదా’ అని కాపీ చేసుకోవడం మరీ ప్రమాదం. అనుమతి లేకుండా డేటాను కాపీ చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 పరిధిలోకి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకే అనుకోకండి. మెడికల్ కోడింగ్‌లో చేరితే మీ చేతికొచ్చేవి అమెరికా రోగుల రికార్డులు. వాటి గోప్యతకు అక్కడ హిపా చట్టం ఉంది. అకౌంట్స్‌లో చేరితే కంపెనీ ట్యాలీ బ్యాకప్ మీ దగ్గర ఉంటుంది. ఎక్కడైనా ఒకటే మాట: సందేహం వస్తే పంపకముందే టీమ్ లీడ్‌ను అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

ఇంటర్వ్యూలో ఎదురైతే...

‘రెండు సర్వర్ల మధ్య 200 జీబీ తరలించాలి. ఏం చేస్తారు?’ అని అడిగారనుకుందాం. వెంటనే ఓ కమాండ్ పేరు చెప్పేయకండి. మీ ఆలోచన వరుసగా వినిపించండి.

• ముందు ప్రశ్నలు: నెట్‌వర్క్ వేగమెంత, ఎంత సమయం ఉంది, డేటా గోప్యమైనదా, తరలింపు జరుగుతుండగా ఫైళ్లు మారుతాయా?
• పద్ధతి: లైనక్స్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ మీద ఆర్‌సింక్, ఎందుకంటే ఆగినా మళ్లీ కొనసాగించొచ్చు.
• జాగ్రత్త: అవతల ఖాళీ స్థలం, ఫైళ్ల అనుమతులు ముందే చూస్తాను. చిన్న ఫోల్డర్‌తో పరీక్షిస్తాను.
• నిర్ధారణ: ఫైళ్ల సంఖ్య, చెక్‌సమ్ పోలుస్తాను. లాగ్ భద్రపరుస్తాను. అవతలివారు సరేనన్నాకే పాతది తొలగిస్తాను.

ఇలా చెబితే ఒక కమాండ్ గుర్తుండటం కన్నా బాధ్యతగా పనిచేయడం తెలుసని అర్థమవుతుంది.

వారంలో సాధన

దీనికి కోచింగ్ అక్కర్లేదు, ఖర్చూ లేదు. ఒక స్నేహితుడు, రెండు ల్యాప్‌టాప్‌లు చాలు.

• 1, 2 రోజులు: ఒకే 5 జీబీ ఫైలును పెన్‌డ్రైవ్, వైఫై, ల్యాన్ కేబుల్ ద్వారా పంపి ఏది ఎంతసేపు తీసుకుందో రాసుకోండి.
• 3వ రోజు: విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేసి, పని కాగానే ఆపేయండి.
• 4, 5 రోజులు: వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ పెట్టి ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయండి. విన్‌ఎస్‌సీపీ లేదా ఫైల్‌జిల్లాతో ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా ఫైళ్లు పంపండి. తర్వాత అదే పని కమాండ్‌తో చేయండి.
• 6వ రోజు: ఆర్‌సింక్ నడుస్తుండగా కావాలనే నెట్‌వర్క్ తెంపండి. మళ్లీ కలిపి, ఎక్కడి నుంచి అందుకుంటుందో గమనించండి.
• 7వ రోజు: చెక్‌సమ్‌లు పోల్చండి. ఒక టెక్స్ట్ ఫైలులో ఒక్క అక్షరం మార్చి మళ్లీ చూడండి.

ఈ వారం రోజుల కొలతలను ఒక పేజీ నోట్‌గా రాసి మీ గిట్‌హబ్‌లో పెట్టండి. ‘ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్ తెలుసు’ అని రెజ్యూమెలో రాసేవారు చాలామందే ఉంటారు. ‘నేను చేసి చూశాను, ఇవిగో అంకెలు’ అని చూపించగలిగేవారు తక్కువ. ఆ తక్కువ మందిలో మీరూ ఉండండి.